గడిలోని వాన, పొలములోని వాన

ఎద్దుకు ఒక కొమ్ము తడిసి రెండవ కొమ్ము తడవని వానలను మన పల్లెలు ఎరుగును. అట్టి వానను కంప్యూటరు పటములోని కెక్కించునపుడు జరుగు మార్పును మన విద్యార్థులు గ్రహింపవలెనని మా అభిప్రాయము.

భారత వాతావరణ శాఖ 1901 నుండి దినవారీ వర్షపాతమును 0.25 డిగ్రీల గడులుగా కూర్చి అందించుచున్నది. ఒక్కొక్క గడి భుజము సుమారు 27 కిలోమీటర్లు. ఆ శాఖవారి ఉష్ణోగ్రత పట్టికలలో గడి 1 డిగ్రీ. దాని భుజము నూరు కిలోమీటర్లకు పైమాటే. సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లెయు, 1,200 మీటర్లు దాటిన హార్స్‌లీ కొండలును అట్టి ఒక్క గడిలోనే ఇమిడిపోవుచున్నవి. వేయి మీటర్లు పైకి పోయిన కొలది సగటున 6.5 డిగ్రీల వేడిమి తగ్గునని శాస్త్రము చెప్పుచుండగా, గడి మాత్రము రెండింటికిని ఒకే అంకె చూపును.

కనుక సవరణ అవసరము. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో గడుల పటముపై భౌగోళిక మండలముల సరిహద్దులను పరచి, ప్రతి మండలపు సగటును అచ్చటి కొలత కేంద్రముల సగటుతో పోల్చి, తేడా మేరకు అంకెలను సరిచేయవచ్చును. ఉష్ణోగ్రతకు తేడాను కలుపుదురు. వర్షమునకు నిష్పత్తితో గుణింతురు. వర్షమునుండి తీసివేసినచో సున్నకు దిగువ వాన వచ్చు విపరీతము కలుగును.

అయితే మండలములను ప్రకృతి గీయవలెను గాని పరిపాలన కాదు. 2014లో 10 జిల్లాలుగా ఏర్పడిన తెలంగాణ 2019 నాటికి 33 జిల్లాలైనది. మేఘములు ఆ గీతలను చూచి కురియలేదు. మరియు ఒక మండలమున ఒక గుణకము, ప్రక్క మండలమున వేరొకటి వాడినచో సరిహద్దువద్ద లేని మెట్టు ఏర్పడును. దానిని క్రమముగా నునుపు చేయవలెను.

అన్నిటికంటె ముఖ్యము నిజాయితీ. వాతావరణాధారిత పంటల బీమాలో ఇట్టి అంకెలను బట్టియే రైతునకు పరిహారము నిర్ణయమగును. మూలపు అంకెలను దాచి, సవరించినవానినే సత్యమని చూపుట తప్పుడు తూకముతో సమానము. ఏ గుణకము, ఏ కారణమున వాడితిమో పటము క్రిందనే వ్రాయవలెను. న్యాయమన్నను ఇన్సాఫన్నను అదియే.

కళాశాల కార్యవర్గమునకు మా మనవి ఒకటి. ఆవరణలో ఒక వర్షమాపకమును నెలకొల్పుడు. విద్యార్థులు ప్రతి ఉదయము 8.30 గంటలకు కొలిచి, తమ గడి చెప్పు అంకెతో పోల్చి చూతురు గాక! పటమును నమ్ముటకు ముందు పరీక్షించు అలవాటు వారికి అచ్చటనే అబ్బును.