వృద్ధాప్యంలో మానసిక కుంగుబాటు: లోపం గుర్తింపులోనే

విజయవాడ: "మనోవ్యాధికి మందు లేదు" అన్న నానుడి వయోవృద్ధుల విషయంలో నేటికీ చెల్లుబాటవుతున్నది. వాస్తవానికి మందు ఉన్నది, మాటతో నయం చేసే పద్ధతీ ఉన్నది. లోపం గుర్తింపులోనే ఉన్నట్లు 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన లాసీ అధ్యయనం స్పష్టం చేసింది. 60 ఏళ్లు పైబడిన వారిలో 8.3 శాతం మందికి తీవ్ర కుంగుబాటు ఉండవచ్చునని ప్రశ్నావళి ద్వారా తేలగా, ఆ జబ్బును వైద్యులు నిర్ధారించినట్లు చెప్పిన వారు 0.8 శాతమే. తేడా పది రెట్లు.

పెద్దవారు దిగులును దిగులుగా చెప్పుకోరు. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని, ఒళ్లు నొప్పులని అంటారు. ఇంటివారు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. కొందరు నిద్రమాత్రలను ఆశ్రయిస్తారు. రాత్రివేళ తూలిపడి తుంటి ఎముక విరగడం దానితో వచ్చే మరో కష్టం.

కృష్ణా తీరాన నగరానికి పడమట ఉన్న భవానీపురం వంటి పేటలలో ఈ సమస్యకు స్థానిక కారణాలూ తోడవుతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, దంపతులలో ఒకరు పోయిన పిదప రెండవవారు ఒంటరిగా మిగలడం డెల్టాలో సాధారణమైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగరాన్ని ముంచెత్తినపుడు ఇళ్లు, సామగ్రి, వాహనాల నష్టం లెక్కకెక్కింది. మనసుకు తగిలిన దెబ్బకు పట్టికలో గడి ఉండదు.

ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యం లభిస్తున్నప్పటికీ, అది నగరానికి మరోవైపున ఉన్నది. మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలు అంత దూరం తనంతట తాను వెళ్లడం అరుదు. అయితే ఆమె ఇంటికి ప్రతినెలా పింఛను సొమ్ముతో సచివాలయ ఉద్యోగి వెళుతున్నారు. గత రెండు వారాలలో మనసు దిగులుగా ఉన్నదా, దేనిమీదా ఆసక్తి లేదా అన్న రెండు ప్రశ్నలు అప్పుడే అడిగి, అవునన్నవారి వివరాలను ఆరోగ్య కార్యకర్తకు అందజేయడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గోవాలో స్వల్ప లక్షణాలున్న 181 మంది వృద్ధులపై జరిగి, 2019లో వెలువడిన పరిశోధన ఇందుకు ఊతమిస్తున్నది. శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు సలహాలందించిన వారిలో ఏడాదిలోగా తీవ్ర కుంగుబాటుకు లోనైన వారు సుమారు 4 శాతం కాగా, మిగిలిన వారిలో 14 శాతం.

చికిత్సకు ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరం. మందులను తక్కువ మోతాదుతో ప్రారంభిస్తారు. కొన్ని మందుల వల్ల, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు కూడా వాడేవారిలో, రక్తంలో సోడియం తగ్గవచ్చు గనుక దానిని పరీక్షిస్తుండాలి. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. పది రోజులు వాడి ఫలితం లేదని మానివేసేవారి ఇంటికి ఆ మధ్యలో ఒకసారి వెళ్లి రావడం మందుతో సమానమైన పని.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా సలహాలు లభిస్తాయి. వయోవృద్ధుల ఇతర సమస్యలకు 14567 నంబరును సంప్రదించవచ్చు.