ఒకసారి కోస్తే ప్రతిసారీ కోయాల్సిందేనా?

మా బావగారి అమ్మాయి రెండో కాన్పుకి రొంపిచర్ల వచ్చింది. ఎనిమిదో నెల. మొన్న అందరం కూర్చుని కారానికి మిరపకాయల తొడిమలు తీస్తుంటే ఉన్నట్టుండి అడిగింది. "పిన్నీ, మొదటిది ఆపరేషనైతే రెండోది మామూలుగా కావడం అసలు కుదరదా?"

"కుదరదు" అంది మా తోడికోడలు తలెత్తకుండానే. "ఎందుకు కుదరదే? నేను ఆరుగుర్ని కన్లా?" అంది మా అత్తగారు. ఆవిడ ఆరు కాన్పుల్లో ఒక్కటీ ఆపరేషన్ కాదు. కాబట్టి ఆ సమాధానం మా పిల్లకి పనికిరాదు. పైగా ఆ ఆరుగురిలో బతికి బట్టకట్టింది నలుగురే. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పదు.

నేను మాత్రం ఏమీ మాట్లాడలేదు. పదమూడేళ్ల క్రితం ఇదే ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది మరి!

అప్పుడు నాకిది రెండో కాన్పు. నొప్పులు మొదలై ఆసుపత్రికి వెళ్తే, నర్సు నా పాత చీటీ చూసి "మొదటిది పెద్దాపరేషనా? పొద్దుటినుంచీ ఏమీ తినలేదుగా?" అంది. నా కాన్పు గురించి నాతో జరిగిన సంప్రదింపు అంతా అదే. కాగితాల మీద మా ఆయన సంతకం పెట్టారు. పనిలో పనిగా కు.ని. ఆపరేషన్ కూడా అయిపోయింది. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, ఆడవాళ్లు నోరు విప్పాలని పాత్రల చేత చెప్పిస్తాను. నా పొట్ట మీద పడే కోత గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేకపోయాను.

ఇప్పుడీ సంగతి ఎందుకంటారా? మన రాష్ట్రంలో గాలి మారింది. ఇద్దరు చాలు, ఒకరైతే మరీ మేలు అంటూ గోడల మీద రాయించిన ప్రభుత్వాలే ఇప్పుడు ఇంకా కనండి అంటున్నాయి. ముసలివాళ్ల సంఖ్య పెరుగుతోంది, పిల్లలు తగ్గిపోతున్నారు, కాబట్టి ఎక్కువమందిని కనాలని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆ ఏడాది నవంబరులోనే శాసనసభ ఎత్తేసింది. 1994 నుంచీ ఉన్న నిబంధన అది. దీని మీద టీవీల్లో, పత్రికల్లో చాలా చర్చ జరిగింది. పిల్లల్ని సాకేదెవరు, చదివించేదెవరు అని అడిగారు. మంచి ప్రశ్నలే. కానీ ఇంకో ప్రశ్న ఎవరూ అడిగినట్టు నాకు కనిపించలేదు. కనమంటున్నారు సరే, ఎలా కనాలి?

లెక్కలు చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42 ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 63, ప్రభుత్వాసుపత్రుల్లో 27. తెలంగాణలో మొత్తం మీద 61, అక్కడి ప్రైవేటులో 81 దాటింది! దేశం మొత్తానికి చూస్తే వందకి 21 మాత్రమే. ఇలా ఆపరేషన్లు పది శాతం దాటి పెరిగినకొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయన్న దాఖలా లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అంటే, రేపు మూడో బిడ్డని కనమని మీరు ఎవరినైతే అడుగుతున్నారో, వాళ్లలో దగ్గరదగ్గర సగం మంది పొట్ట మీద ఒకటో రెండో కోతలు ఇప్పటికే ఉన్నాయి. మూడో బిడ్డ అంటే వాళ్లకి మూడో కోత అని అర్థం. మూడో కోత మొదటిదానిలాంటిది కాదు. కోసిన ప్రతిసారీ లోపల పేగులూ మూత్రాశయమూ అతుక్కోవచ్చు. మాయ కిందికి వచ్చి పాత కుట్టు మీద పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలో ఆపరేషన్ అయిన దాదాపు 30 వేల మంది స్త్రీలను పరిశీలించారు. మాయ గర్భసంచి నోటికి అడ్డంగా ఉన్నవాళ్లలో, మొదటి ఆపరేషన్ నాటికి వందకి ముగ్గురిలో మాయ ఇలా పాతుకుపోయి ఉంటే, మూడో ఆపరేషన్ నాటికి 40 మందిలో ఉంది. అలాంటప్పుడు రక్తం ధారగా పోతుంది. గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. ప్రాణమే పోవచ్చు.

మరి మన దగ్గర ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణం ఒకటే. మనకి రెండో ఆపరేషన్‌తో కథ ముగిసిపోయేది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో వందకి దాదాపు 70 మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఎలాగూ ఆ ఆపరేషన్ ఉంది, రెండూ ఒకేసారి అయిపోతాయిలే అనుకునేవాళ్లం. ఇంటిల్లిపాదికీ అదే సౌకర్యం, డాక్టరుకీ అదే సౌకర్యం. ఆ సౌకర్యంలో ప్రశ్న పుట్టనే లేదు.

అసలు ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే అన్న మాట మన డాక్టర్లది కూడా కాదు. 1916లో న్యూయార్కులో ఎడ్విన్ క్రేగిన్ అనే వైద్యుడు అన్నాడు. ఆయన కాలంలో గర్భసంచిని పైభాగంలో నిలువుగా కోసేవారు. ఆ కుట్టు తర్వాతి నొప్పులకి విచ్చుకునే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడు చాలావరకూ కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. ఆ కుట్టు గట్టిది. కోత మారింది, మాట మాత్రం వందేళ్లు దాటినా అలాగే ఉంది!

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం, ఒక ఆపరేషన్ తర్వాత మామూలు కాన్పుకి ప్రయత్నించిన వందమందిలో 72 నుంచి 75 మందికి అది కుదురుతుంది. అంతకుముందు ఒక్క మామూలు కాన్పయినా అయినవాళ్లలో 85 నుంచి 90 మందికి. పాత కుట్టు విచ్చుకునేది రెండువందల మందిలో ఒకరికి. రెండు ఆపరేషన్లయినవాళ్లు కూడా, అనుభవమున్న డాక్టరు అన్నీ చూసి సరేనంటే, ప్రయత్నించవచ్చు. వాళ్లలోనూ వందకి 71 మందికి కుదిరింది. కుట్టు విచ్చుకునే ప్రమాదం మాత్రం వందకి ఒకటి దాటుతుంది.

ఆ రెండువందల్లో ఒకరు మన పిల్లే అయితే? ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. కుట్టు విచ్చుకుంటే నిమిషాల్లో పొట్ట కోసి బిడ్డని తీయాలి. లేకపోతే బిడ్డ దక్కదు, ఒక్కోసారి తల్లీ దక్కదు. అందుకే ఇది ఇంట్లో చేసే పని కాదు, మండలాల్లోని చిన్న ఆసుపత్రుల్లో చేసే పనీ కాదు. రాత్రి రెండింటికి కూడా థియేటరు తెరిచి ఉండాలి, మత్తు డాక్టరు ఉండాలి, రక్తం సిద్ధంగా ఉండాలి, బిడ్డ గుండె చప్పుడు కనిపెడుతూ ఒక మనిషి పక్కనే ఉండాలి. నిలువు కోత పడినవాళ్లూ, ఇదివరకే కుట్టు విచ్చుకున్నవాళ్లూ, మాయ అడ్డం ఉన్నవాళ్లూ దీని జోలికి పోకూడదు. కాన్పుకీ కాన్పుకీ ఎడం తక్కువైతే ప్రమాదం పెరుగుతుంది. నొప్పులు రావడానికి వాడే మిసోప్రోస్టాల్ మాత్ర ఇలాంటివాళ్లకి వాడకూడదు.

డాక్టర్లని తిట్టిపోయడం తేలిక. డబ్బు కోసమే కోస్తారని మనమంతా అంటాం. అందులో నిజం లేదని నేననను. కానీ ఒక్క డాక్టరమ్మ, ఫోను చేస్తే ఎక్కడినుంచో రావలసిన మత్తు డాక్టరు, ఇద్దరు నర్సులు ఉన్న నర్సింగ్ హోములో పన్నెండు గంటలు నొప్పుల దగ్గర కాపలా కూర్చోవడం ఎలా? ఏదైనా జరిగితే అద్దాలు పగలగొట్టేది మన మగవాళ్లే కదా? అమెరికాలో కూడా ఇదే జరిగింది. 1996 నాటికి అక్కడ ఆపరేషనైన స్త్రీలలో వందకి 28 మంది తర్వాతి కాన్పు మామూలుగా కంటున్నారు. కొన్ని కుట్లు విచ్చుకున్నాయి, కేసులు పడ్డాయి. అత్యవసర ఆపరేషన్ చేయగల డాక్టరు దగ్గరే ఉండాలని 1999లో అక్కడి వైద్యుల సంఘం చెప్పింది. అంత సరంజామా లేని చిన్న ఆసుపత్రులు మాకొద్దు బాబూ అని మానేశాయి. పదేళ్లు తిరక్కుండా ఆ సంఖ్య పదిలోపుకి పడిపోయింది.

ఇక మన సంగతి. తిథీ నక్షత్రం చూసి కోత పెట్టించుకునేవాళ్లం మనమే. నొప్పులు భరించలేను, కోసెయ్యండి అనేదీ మనమే. అలా అన్నందుకు నేనెవర్నీ తప్పుపట్టను. లేబర్ రూములో ఒంటరిగా పడుకోబెట్టి, అరిస్తే కసిరే చోట ఏ ఆడది నొప్పులు కోరుకుంటుంది? కాన్పు గదిలో తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలని 2017లో మొదలైన కేంద్రం పథకం 'లక్ష్య' చెబుతోంది. తెలంగాణలో అదే ఏడాది ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో, కరీంనగర్ కేంద్రంగా నర్సులకి మిడ్‌వైఫరీలో ఏడాదిన్నర శిక్షణ మొదలుపెట్టారు. నొప్పులు పడే మనిషి పక్కన కూర్చోవడమే వాళ్ల చదువు. ఆపరేషన్లలో దేశానికే ముందున్న రాష్ట్రం అక్కణ్ణుంచి మొదలుపెట్టడం నాకు నచ్చింది. మొదటి కోత తప్పితే రెండోదాని గొడవే ఉండదుగా!

పల్నాడులో మాచర్ల అవతల తండాలో ఉన్న మనిషికైనా, రొంపిచర్లలో ఉన్న మా పిల్లకైనా తెలియాల్సింది ఒకటుంది. ఏ ఆసుపత్రిలో రాత్రింబవళ్లు మత్తు డాక్టరు ఉంటాడు? ఆపరేషన్ తర్వాత మామూలు కాన్పుకి ఎక్కడ ప్రయత్నిస్తారు? మూడో బిడ్డని కనమనే ప్రభుత్వం ముందు ఆ జాబితా అంటించాలి, ప్రతి ఆసుపత్రి గోడ మీదా.

మా పిల్ల సంగతి చెబుతాను. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోశారు. ఇప్పుడు బిడ్డ తల కిందికే ఉందని స్కానింగులో చెప్పారు. కాన్పుకీ కాన్పుకీ మూడేళ్ల ఎడం. ఈ వివరాలు చెబితే, గుంటూరులో మేం చూపించిన డాక్టరమ్మ కాదనలేదు. "ప్రయత్నించొచ్చు, కానీ లోపల కోత ఎలా పెట్టారో నాకు తెలియాలి. పాత కాగితం తీసుకురండి" అంది. పైన చర్మం మీద అడ్డంగా ఉన్నంతమాత్రాన లోపలా అడ్డంగానే ఉందని నమ్మడానికి లేదట. బీరువా అంతా గాలించాం. బిల్లులు దొరికాయి, మందుల చీటీలు దొరికాయి, బారసాల ఫొటోలు కూడా దొరికాయి. ఆపరేషన్ కాగితం మాత్రం లేదు. అసలు ఇచ్చారో లేదో మా బావగారికి గుర్తు లేదు.

అల్లుడు "ఎందుకొచ్చిన రిస్కు, ఆపరేషనే చేయించేద్దాం" అంటున్నాడు. అతని భయం అతనిది. పిల్ల మాత్రం "కాగితం చూశాక చెప్తాను" అంది. నా వయసులో నాకు రాని మాట! సోమవారం పొద్దున బస్సుకి ఇద్దరం ఆ ఆసుపత్రికి వెళ్తున్నాం, కాగితం అడగడానికి.