హైదరాబాదున లోటస్ ఫిలిం కంపెనీ

సినీమా యనగానే మన యిండ్లలో మదరాసు పేరో, బొంబాయి పేరో వినబడును. 1921లో మదరాసున రఘుపతి ప్రకాశుగారు 'భీష్మ ప్రతిజ్ఞ' తీసిరని చెప్పుకొనుట న్యాయమే. ఆ మరుసటి యేడే మన సికిందరాబాదునకు హుస్సేన్ సాగరు ఆవలిగట్టున, హైదరాబాదులో, ఒక ఫిలిం కంపెనీ వెలసెనని యెందరెరుగుదురు?

దానిని స్థాపించినవారు ముల్కీలు కారు. వంగదేశీయులగు ధీరేంద్రనాథ్ గంగూలీగారు. 1893లో జనించి, శాంతినికేతనమున చదివి, చిత్రలేఖనోపాధ్యాయులై నిజాము రాజ్యమునకు వచ్చిరి. వేషములు మార్చుటలో వారిది అందెవేసిన చేయి. నానాపాత్రల వేషములు తామే ధరించి, ఆ ఛాయాపటములను పుస్తకముగా వెలువరించిరి. 1921లో కలకత్తాలో ప్రదర్శింపబడిన 'బిలాత్ ఫేరత్' అను హాస్యచిత్రమున, సీమకు పోయివచ్చి సీమ మోజు వీడని యువకుని వేషము వారిదే.

1922లో నిజాము ప్రభువుల యాదరణతో హైదరాబాదున లోటస్ కంపెనీ నెలకొల్పిరి. 'ఇంద్రజిత్', 'యయాతి' వంటి పురాణకథలేగాక 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్', 'స్టెప్ మదర్' అను చిత్రములును తీసిరి. పేర్లు చూచితిరా? పంతులమ్మ, పెండ్లి, సవతితల్లి! అన్నియు మన వంటయింటి ముచ్చటలే. చిత్రములు మూగవి గనుక తెరమీది వ్రాతలను చదువువచ్చినవారు ప్రక్కవారికి వినిపింపవలసినదే.

గంగూలీగారు సినీమాహాళ్లు కూడ నడపుచు, పరుల చిత్రములను సైత మాడించుచుండిరి. ముప్పు అక్కడనే వచ్చినది. 1924లో 'రజియా బేగం' ఆడించిరి. 1236 మొదలు 1240 వరకు ఢిల్లీ నేలిన రాణి రజియా. ఆమె యొక హిందువును ప్రేమించినట్లు చిత్రకథ. ప్రభువుల కాగ్రహము కలిగెను. రాజ్యము విడిచి పొమ్మని యాజ్ఞ యయ్యెను. తాము తీయని చిత్రమునకై గంగూలీగారు తమ కంపెనీని గోలుపోయిరి. ఆ యాట నాపించినను చాలునేమో యని మాకు తోచును. పరాయివాని పక్షమున నాడు పలుకువారెవరు?

వారు కలకత్తా చేరి, 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిలిమ్స్ స్థాపించిరి. పిదప టాకీలును తీసిరి. 1974లో పద్మభూషణ బిరుదమును, 1975వ సంవత్సరపు ఫాల్కే పురస్కారమును వారికి లభించినవి. 1978లో కాలధర్మము నొందిరి.

ఆ కాలపు ఫిలిము నైట్రేటుతో చేయబడుటచే త్వరగా చెడును, ఇట్టే నిప్పంటుకొనును. మన దేశపు మూకీలలో నధికభాగము నశించినది. పాఠికలలో నెవరి యింటనైన, తాతగారి పాతపెట్టెలో, లోటస్ కంపెనీ ప్రకటనకాగితమో, ఛాయాపటమో కనబడినచో మాకు తప్పక వ్రాయుడు.