ఒంటికీ ఒక విరామ కాలం



చీరాల నుండి సముద్రం వైపు కొద్ది కిలోమీటర్లు వెళ్తే వాడరేవు వస్తుంది. ఓడరేవు అని కూడా అంటారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. ఏటా ఏప్రిల్ 15 రాగానే ఇక్కడ ఇంజను పడవలు ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక తూర్పు తీరమంతటా మర పడవల వేట ఆపాలని ప్రభుత్వ నిబంధన. 2015 నుండి ఈ నిషేధం 61 రోజులు, అంటే జూన్ 14 వరకు. ఇంజను లేని చిన్న నాటు పడవలకు మాత్రం మినహాయింపు ఉన్నది.

ఆ రెండు నెలలు వలలు బాగుచేసుకొంటారు, పడవలకు రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పి చూసుకొంటారు. ఒడ్డున కూర్చున్నవాణ్ణి సోమరి అని ఎవరూ అనరు. సముద్రానికి విశ్రాంతి ఇవ్వకపోతే రేపు వలలో పడేదేమీ ఉండదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే అదే ఇంట్లో కీళ్లవాతంతో బాధపడే తల్లి పగటిపూట ఒక గంట నడుము వాల్చితే మనం వేరే మాట అంటాము. సముద్రానికి ఇచ్చినపాటి విశ్రాంతి మనిషికి ఎందుకు ఇవ్వలేకపోతున్నాము? ఈ నెల దాని గురించి ఆలోచిద్దాం.

కీళ్ల నొప్పులన్నీ ఒక్కటి కావు. వయసుతో మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వేరు. ఇందులో మన ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే దారి తప్పి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవారికంటే ఆడవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. తెల్లవారి లేచేసరికి వేళ్ళు, మణికట్లు బిగుసుకుపోయి, గంట గడిచినా పట్టు వదలవు. దానికి తోడు విపరీతమైన అలసట. వాపు కీలులో కనబడుతుంది గాని అలసట ఎవరికీ కనబడదు. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకొని అమ్ముకొనే ఒక తల్లికి ఈ జబ్బు ఉన్నదనుకోండి. సోమవారం నొప్పి కొంచెం తగ్గింది. ఇన్నాళ్ళూ ఆగిపోయిన పనంతా ఆ రోజే గుర్తుకు వస్తుంది. చేపలు కడిగి, ఉప్పు పట్టించి, ఎండలో పరిచి, ఇల్లు అలికి, బిందెలతో నీళ్ళు మోసి, సాయంత్రం ప్రార్థన కూడికకు కూడా వెళ్ళి వచ్చింది. మంగళవారం మంచం దిగలేదు. బుధ, గురువారాలూ అంతే. పక్కింటావిడ వచ్చి, "ఏం వదినా, మొన్న బాగానే తిరిగావు గదా, ఇంతలో ఏమొచ్చింది?" అంటుంది. ఆ మాట జబ్బుకంటే ఎక్కువ బాధిస్తుంది. మళ్ళీ ఒక మంచి రోజు రాగానే ఆ మాట పోగొట్టుకోవాలని ఆమె ఇంకా ఎక్కువ కష్టపడుతుంది. మళ్ళీ మంచమెక్కుతుంది.

దీర్ఘకాలపు జబ్బుతో బ్రతికేవారికి నిజమైన పరీక్ష ఒళ్ళు బాగున్న రోజే. బాగాలేని రోజున విశ్రాంతి తీసుకోవడానికి ఏ జ్ఞానమూ అవసరం లేదు, ఒళ్ళే పడుకోబెడుతుంది. చేతనైన రోజున సగంలో ఆపడానికి మాత్రం జ్ఞానం కావాలి, ధైర్యం కూడా కావాలి.

ఆ ధైర్యం యాకోబు దగ్గర నేర్చుకోవచ్చు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడి, తెల్లవారేసరికి అతడు కుంటుతూ నడిచాడు. ఆ తరువాతి అధ్యాయంలోనే ఏశావు నాలుగు వందల మంది మనుష్యులతో ఎదురై, మనం కలిసి సాగిపోదాం రమ్మన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. ఎందుకో ఆదికాండము 33వ అధ్యాయం 13, 14 వచనాలు చూడండి. తన పిల్లలు లేతవారని, మందలో పాలిచ్చే పశువులున్నాయని, వాటిని ఒక్క రోజు వడిగా తోలినా మంద అంతా చచ్చిపోతుందని చెప్పాడు. నువ్వు ముందు సాగిపో, నేను వీటి నడకను బట్టి నిదానంగా వస్తానన్నాడు.

ఒక్క రోజు వడిగా తోలితే చాలు! కీళ్లవాతం ఉన్న ఆ తల్లి సోమవారం చేసినది అదే. యాకోబు తన అన్నతో సమానంగా నడవలేనందుకు సిగ్గుపడలేదు. కారణం ఉన్నదున్నట్టు చెప్పాడు. తోడుగా కొందరిని ఉంచుతానన్నా అక్కరలేదన్నాడు. కుంటివాడైనందుకు దేవుని ఆశీర్వాదం అతని నుండి తొలగిపోలేదు. ఆశీర్వాదమూ కుంటి నడకా ఒకే రాత్రి దొరికాయి.

విశ్రాంతి కూడా వైద్యంలో భాగమని మన మిషన్ ఆసుపత్రులకు ఎప్పటినుండో తెలుసు. 1912లో కొన్ని మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయ రోగులకు శానిటోరియం ప్రారంభించాయి. ఆరోగ్యవరం అదే. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో శానిటోరియం అంటే గడియారం ప్రకారం పడక, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్న తరువాత మందులు వచ్చాయి. మందులు సరిగా వాడితే ఇంటి దగ్గర ఉండి కూడా క్షయ నయం చేసుకోవచ్చునని 1959లో మద్రాసు పరిశోధన చూపించింది. దీనివలన రెండు సంగతులు నేర్చుకొంటాము. విశ్రాంతి సోమరితనం కాదు. అయితే మందు ఉన్న జబ్బుకు విశ్రాంతి ఒక్కటే చాలదు.

కాబట్టి కీళ్లవాతం అని తేలితే మందులు ఆలస్యం చేయకూడదు. ఆలస్యమైతే వేళ్ళు వంకరపోయి మళ్ళీ సరికావు. దీనికి తరచుగా రాసే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకొంటారో ఆ వారం క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానవద్దు. ప్రార్థన చేస్తున్నాము గదా అని మందు ఆపవద్దు.

ఇక పని సంగతి. అలసట వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. ఇరవై నిమిషాలు చేపలు శుభ్రం చేస్తే పది నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోవాలి. నొప్పిని అడిగి ఆగవద్దు, గడియారాన్ని చూసి ఆగండి. బరువు పని, తేలిక పని మార్చి మార్చి చేయండి. నిండు బిందె బదులు సగం బిందె రెండు చేతులతో ఎత్తండి. కింద కూర్చొనే పీట బదులు ఎత్తైన స్టూలు వాడండి. పూర్తిగా మంచం పట్టడం కూడా మంచిది కాదు, కండలు కరిగిపోయి కీళ్ళు ఇంకా బిగుస్తాయి. వాపు తగ్గిన వేళ మెల్లగా వేళ్ళు ఆడించాలి, నాలుగడుగులు నడవాలి.

"చెప్పడానికేం, పని సగం చేస్తే కూలి కూడా సగమే గదా" అంటారేమో. నిజమే. వేట నిషేధం కూడా ఉత్త ఉపదేశంతో నిలబడలేదు. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు ఇచ్చారు. పొయ్యి మీద కుండ ఉంటేనే విశ్రాంతి సాధ్యం. మరి మన ఇంట్లో తల్లి విశ్రాంతికి భృతి ఎవరు ఇస్తారు? కొడుకు నీళ్ళు మోయడం భృతి. భర్త గంప ఎత్తడం, చేపలు తిరగవేయడం భృతి. కోడలు, "అత్తయ్యా, ఇవాళ ఇంక చాలు, లేవండి" అనడం భృతి. కీళ్ళు శాశ్వతంగా దెబ్బతిన్నవారు సదరం శిబిరంలో పరీక్ష చేయించుకొని ధ్రువపత్రం తీసుకోవాలి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 2024లో మన రాష్ట్రంలో పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగింది.

సంఘానికి కూడా ఒక మనవి. స్వస్థత రానివారిని విశ్వాసం తక్కువవారని తీర్పు తీర్చకండి. పౌలు వంటి అపొస్తలుడే త్రోఫిమును రోగియై ఉండగా మిలేతులో విడిచి వచ్చానని వ్రాశాడు. అందుకు త్రోఫిమును ఎక్కడా నిందించలేదు. పాటకు అందరూ లేచి నిలబడినప్పుడు కూర్చొని పాడేవారిని వింతగా చూడకండి. ఉపవాస కూడికకు రాలేనివారిని, మాత్రల కోసం తినవలసినవారిని బలవంతపెట్టకండి. పరామర్శకు వెళ్తే పావుగంట కూర్చొని, వీలైతే కూర గిన్నె ఒకటి అక్కడ పెట్టి రండి. "ఇంకా తగ్గలేదా?" అని అడగడంకంటే "ఇవాళ ఏ పని అందుకోమంటావు?" అని అడగడం మేలు.

జబ్బుతో ఉన్న సహోదరీ, సహోదరుడా! ముందు వెళ్ళేవారిని వెళ్ళనివ్వండి. నీ నడక ఎంతో నీకు తెలుసు, నీ ప్రభువుకూ తెలుసు. ఏలీయా అలసి బదరీ వృక్షం కింద పడుకొన్నప్పుడు దేవదూత అతణ్ణి గద్దించలేదు, లేపి రొట్టె పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడు మాత్రమే ప్రయాణం మాట ఎత్తాడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 33వ అధ్యాయం చదవండి. చదివిన తరువాత మీ ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచేవారు ఎవరో చూసి, వారి చేతిలోని ఒక పనిని ఆ రాత్రే మరొకరు తీసుకోండి. ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.