గిరి చుడితే పుణ్యం, పరుగు తీస్తే పొగరా?

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరే ఆడవాళ్ళని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం దాటి, అప్పుఘర్ దగ్గర సముద్రంలో ఓ మునక వేసి, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్ళీ అప్పన్న కొండ కిందికి చేరేసరికి 32 కిలోమీటర్లు. చాలామందికి కాళ్ళకి చెప్పులు కూడా వుండవు. రాత్రల్లా నడకే. అరవై దాటిన మామ్మగారూ నడుస్తుంది, పసుపుతాడు ఆరని కొత్తకోడలూ నడుస్తుంది. దారిపొడుగునా మజ్జిగ గ్లాసులూ, పులిహోర పొట్లాలూ. "నీకీ వయసులో ఇదేం పనమ్మా?" అని అడ్డుపడ్డ మగమహారాజుని నేనింతవరకూ చూళ్ళేదు.

అదే ఇల్లాలు, అవే కాళ్ళు, ఓ ఆదివారం పొద్దున్న ఐదింటికి బూట్లు తొడుక్కుని ఆర్కే బీచిలో పరిగెత్తి వస్తానననివ్వండి! ఇంట్లో అందరూ ఒక్కసారిగా లేస్తారు. "పిల్లాడు టెన్తులో వున్నాడు, నీకిప్పుడు పరుగులు కావలసొచ్చాయా?" అని ఆయన. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?" అని అత్తగారు. "మోకాళ్ళు అరిగిపోతాయి వదినగారూ!" అని పక్కవాటా ఆవిడ. తూర్పు నౌకాదళం వాళ్ళు కొన్నేళ్ళుగా బీచిరోడ్డు మీద జరుపుతున్న నేవీ మారథాన్‌లో 42 కిలోమీటర్ల పరుగుకి పేరిస్తానందా, ఇంక చెప్పనే అక్కర్లేదు. ఆవిడకి మతి పోయిందని తీర్మానం చేసేస్తారు.

32 నడిస్తే భక్తి, 42 పరిగెత్తితే పిచ్చి. మధ్యనున్న ఆ పది కిలోమీటర్లలో మతి ఎక్కడ జారిపోతుందో!

నన్నడిగితే అసలు పేచీ కిలోమీటర్లతో కాదు. కొండ చుట్టూ తిరిగే ఇల్లాలు తన కోసం తిరగదు. కొడుకు ఉద్యోగం, కూతురి పెళ్ళి, ఆయన ఆపరేషను - ఎవరిదో ఒకరి పేరు మీద తిరుగుతుంది. పోనీ డాక్టరు "షుగరొచ్చింది, నడవండి" అన్నాడనుకోండి, అప్పుడూ అనుమతి దొరుకుతుంది. మొక్కైనా వుండాలి, రోగమైనా వుండాలి. "నాకు ఇష్టం గనక వెడుతున్నా" అన్న మాటే గిట్టదు మనవాళ్ళకి. మగవాడు స్నేహితులతో పేకాడి రాత్రి పదకొండింటికి వస్తే ఎవరి పేరు మీద ఆడాడని మనం అడుగుతున్నామా?

ఇది మన దేశపు జాడ్యమేననుకోకండి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తారు. పరుగయ్యాక ఒకరిద్దరు ఆయాసంతో కూలబడ్డారు. మగవాళ్ళు కూలబడితే అది శౌర్యం. ఆడవాళ్ళు కూలబడేసరికి పత్రికలవాళ్ళు గోరంతలు కొండంతలు చేశారు. దాంతో 1960 దాకా, అంటే 32 ఏళ్ళపాటు, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఆ పందెమే లేకుండా చేశారు. 1966లో బాబీ గిబ్ అనే అమ్మాయి బోస్టన్ మారథాన్‌లో పేరివ్వడానికి వీల్లేక, మొదలుపెట్టే చోట పొదల్లో దాక్కుని, మగవాళ్ళ గుంపులో కలిసి పూర్తిచేసింది. మరుసటేడు కేథరీన్ స్విట్జర్ తన పేరు పొట్టి అక్షరాల్లో రాసి 261 నెంబరు సంపాదించుకుని పరిగెడుతుంటే, పందెం నడిపే పెద్దమనిషి ఒకాయన నడిరోడ్డు మీద ఆ నెంబరు పీకెయ్యబోయాడు. ఫొటోలు లోకమంతా చూసింది. ఆవిడ ఆగలేదు, పూర్తిచేసింది. 1972లో గానీ బోస్టన్‌వాళ్ళు తలుపు తియ్యలేదు. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ మారథాన్ 1896లో పుడితే, ఆడవాళ్ళది 1984లో, 88 ఏళ్ళకి. లాస్ ఏంజిల్స్‌లో జోన్ బెనాయిట్ దాన్ని 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించింది. "గర్భసంచి జారిపోతుంది" అని బెదిరించిన పెద్దలు అప్పుడెక్కడ మొహం దాచుకున్నారో!

మోకాళ్ళ సంగతికొస్తే - సరదాకి, తగుమాత్రంగా పరిగెత్తేవాళ్ళకి మోకాళ్ళ అరుగుదల ఎక్కువని పరిశోధనల్లో తేలలేదు. కదలకుండా కూచునేవాళ్ళ కంటే వీళ్ళకే తక్కువని తేల్చినవి వున్నాయి. మోకాళ్ళ మీద అంత దయ వున్నవాళ్ళు ముందు మన చేత గ్యాసుబండలు మోయించడం మానాలి.

అలాగని బూట్లు కొన్న మర్నాడే రుషికొండ దాకా పరిగెత్తమనడం లేదు నేను. అరగంట గబగబా నడవగలిగే మనిషికి 42 చేరడానికి ఏడాది అనుకుంటే మంచిది. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. వారానికి నాలుగు రోజులు చాలు. అందులో ఒక్కరోజు, ఆదివారం, దూరం ఎక్కువ. ఆ దూరాన్ని వారానికో కిలోమీటరు, మహా అయితే రెండు చొప్పున పెంచుతూ, మూడు నాలుగు వారాలకోసారి తగ్గించుకుంటూ పోవాలి. వేగం ఎంతంటే, పక్కనున్నావిడతో అత్తగారి మీద చాడీలు ఆయాసం లేకుండా చెప్పుకోగలిగినంత. అది కుదరలేదంటే మీరు వేగంగా పోతున్నారన్నమాట. మారథాన్ ముందు చేసే అన్నిటికన్నా పెద్ద పరుగు 30, 32 కిలోమీటర్లు. అంటే సరిగ్గా మన గిరిప్రదక్షిణంత! తర్వాత మూడు వారాలు దూరం తగ్గించి కాళ్ళకి విశ్రాంతివ్వాలి.

ఆ 32 దగ్గరే అసలు తమాషా వుంది. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థం దాదాపు అక్కడికి అయిపోతుంది. కాళ్ళు సిమెంటు దిమ్మలవుతాయి. అంచేత ఉపవాసం వుండి పరిగెత్తడం పనికిరాదు. ముందు రెండు ఇడ్లీలు, దారిలో ఖర్జూరమో బెల్లం ముక్కో కావాలి. విశాఖలో చెమట ఆరదు, సముద్రపు గాలిలో అంత తేమ. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. భయపడి ఉత్త మంచినీళ్ళు బిందెలకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకొక్క సంగతి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. అందరికీ వడ్డించి ఆఖర్న గిన్నె అడుగున మిగిలింది తినే ఆచారం కూడా ఇందులో వుందని వేరే చెప్పాలా? పరుగుకి ముందు రక్తపరీక్ష చేయించుకోండి. తక్కువుంటే ముందు అది సరిచేసుకోండి.

ఇంతా చేసి, వీటన్నిటికీ కావలసింది పొద్దుటిపూట ఒక గంట. ఆదివారం మూడు గంటలు. అదెక్కడ దొరుకుతుంది?

ఇక్కడ మన చదువుకున్నవాళ్ళని కూడా నాలుగు అనక తప్పదు. పరిగెత్తే చాలామంది ఆ గంటని పనిమనిషి దగ్గర తీసుకుంటున్నారు. "రేపట్నించి ఐదున్నరకే వచ్చెయ్, నాకు ప్రాక్టీసుంది" అంటే, ఆవిడ నాలుగింటికి లేచి తన పిల్లలకి గంజి వార్చి రావాలి. 2023లో బ్యాంకాక్ ఆసియా పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం తెచ్చిన జ్యోతి యర్రాజి మన విశాఖ పిల్లే. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళల్లో పనిచేసిన మనిషి. అలాంటి తల్లి నిద్ర తగ్గించి మనం మెడల్ వేసుకుంటే అదేం స్వేచ్ఛ? అత్తగారి నెత్తిన రుద్దడం కూడా న్యాయం కాదు, ఆవిడ తన జీవితం నిండా ఒక్క గంటైనా అడక్కుండా గడిపేసింది.

ఆ గంట ఆయన దగ్గర్నించి రావాలి. "నాది స్టీలుప్లాంటులో షిఫ్టు డ్యూటీ" అంటారా? ఎ షిఫ్టు వారం సరే, వదిలేద్దాం. బి షిఫ్టు వారంలో పొద్దున్నంతా ఇంట్లోనేగా వుండేది? ఇంజనీరింగు చదివే కొడుకున్నాడు, వాడు ఉప్మా చేస్తే కాలేజీవాళ్ళేం పేరు కొట్టెయ్యరు. రోడ్డు మీద దీపాలూ, తెల్లవారకముందు తలుపు తీసుండే మరుగుదొడ్లూ కార్పొరేషన్ వాళ్ళని అడగాలి, గట్టిగానే అడగాలి. ఇంట్లో మాత్రం అడగడం కాదు, చెప్పడమే.

అలారం నాలుగున్నరకి పెట్టుకోండి. పాలపాకెట్లు ఐదుంబావుకొస్తాయి. కాచే గిన్నె ఏ అరలో వుందో, ఫిల్టరులో పొడి ఎన్ని చెంచాలో రాత్రే ఆయనకి చూపించి పడుకోండి.