తేరిన నీరంతా శుద్ధజలమేనా?

వానకాలంలో ఏటినీరు కలకబారినప్పుడు కడవ లోపలి అంచుకు చిల్లగింజను అరగదీసి, నీటిని తేర్చి వాడుకోవడం మన పెద్దలు ఎరిగిన ఉపాయం. ఆయుర్వేదం ఈ గింజనే కతకమని పిలిచింది. మట్టి అడుగుకు చేరి నీరు అద్దంలా తేరుతుంది. అయితే ఇల్లాలు అంతటితో తృప్తిపడదు. తేటగా కనబడినంత మాత్రాన అది శుద్ధజలం కాదని, కాచి తాగాలని ఆమెకు తెలుసు. ఈ వివేకమే నేడు స్కానింగు కేంద్రాల వద్ద కూడా మనకు అవసరమని మా అభిప్రాయం.

అశ్వారావుపేట వంటి అడవి అంచు ఊళ్లవారు పెద్ద స్కాను అవసరమైతే కొత్తగూడేనికో, ఖమ్మానికో, సరిహద్దు దాటి రాజమహేంద్రవరానికో ప్రయాణమవుతారు. ఒక రోజు పని, ఇద్దరి బస్సు ఖర్చులు, స్కాను రుసుము అన్నీ భరించాక, "బొమ్మ తేటగా వచ్చిందా?" అని ఆత్రంగా అడగడం సహజం. కాని అడగవలసింది అదొక్కటే కాదు.

చిత్రం మీద ఇసుక చల్లినట్లు కనబడే గరుకుదనాన్ని ఇంజనీర్లు 'నాయిస్' అంటారు. మనం దానిని కలక అందాం. ఎక్స్‌రే, సి.టి. చిత్రాలలో ఇది ఎట్లు పుడుతుంది? వాన మొదలైనప్పుడు వాకిట్లో నాలుగు చినుకులు పడితే నేల మచ్చలు మచ్చలుగా తడుస్తుంది. జోరుగా కురిస్తే సమంగా తడుస్తుంది. ఎక్స్‌ కిరణాలు కూడా చినుకుల వంటి రేణువులుగానే వచ్చి పడతాయి. రేణువులు తక్కువైతే కలక ఎక్కువ. ఆ కలకను సగానికి తగ్గించాలంటే కిరణాలను రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి.

ఆ కిరణాలు పోయేది మన ఒంటిలోంచే. ఛాతీ ఎక్స్‌రేకు అందే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకన్నా తక్కువ. కడుపు సి.టి.కి అది 8 మిల్లీసీవర్టుల ప్రాంతంలో ఉంటుంది. ప్రపంచ సగటున ఒక మనిషికి ప్రకృతి నుండి ఏడాదికి అందేది 2.4 మిల్లీసీవర్టులు మాత్రమే. కావున చిత్రం అందంగా ఉండాలని మోతాదు పెంచడం, ముఖ్యంగా పసిపిల్లల విషయంలో, తగని పని.

మరి మోతాదు పెంచకుండా కలకను తీర్చలేమా? కంప్యూటరు ఆ పనే చేస్తుంది. పక్కపక్క చుక్కలను కలిపి నునుపు చేస్తుంది. అయితే అతిగా నునుపు చేస్తే కలకతో పాటు సన్నని రక్తనాళం, చిన్న కంతి అంచు కూడా చెరిగిపోవచ్చు. ఈ లెక్కకు ఒక హద్దు ఉందని 1945లో నిరూపించినవారు మన తెలుగువారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, ఉన్న కొలతల నుండి పక్షపాతం లేకుండా రాబట్టగల కచ్చితత్వం ఒక మేరను దాటదని చూపారు. స్వీడన్ పండితుడు క్రామెర్ పేరుతో కలిపి దీనిని 'క్రామెర్-రావు హద్దు' అంటారు. ఆ హద్దును దాటినంత తేటగా చిత్రం కనబడితే, అందులో యంత్రం ముందే నేర్చుకున్న ఊహ కొంత కలిసిందని అర్థం.

ఇప్పటి కృత్రిమ మేధ చేసేది ఇదే. వేలాది పాత చిత్రాలను చూసి నేర్చుకుని, కొత్త చిత్రంలోని కలకను తీరుస్తుంది. దీని వల్ల తక్కువ మోతాదుతో పని జరుగుతున్న మాట నిజం, అది మేలే. కాని కొన్ని పద్ధతులలో చిన్న వివరాలు మాయం కావచ్చని, లేనివి పుట్టవచ్చని 2020లో అమెరికా సైన్సు అకాడమీ పత్రికలో వెలువడిన పరిశోధన హెచ్చరించింది.

ఇదంతా చదివి స్కాను వద్దనుకోకండి. అవసరమైన స్కాను మానడం ప్రమాదం. వైద్యుని సందేహాన్ని తీర్చేటంత తేట చాలు, అంతకు మించిన తేట కోసం శరీరం మూల్యం చెల్లించరాదన్నదే మా వాదన. రోగిని చూసి, తాకి, ప్రశ్నించి తెలుసుకోవాలన్న దర్శన స్పర్శన ప్రశ్న పరీక్షల వెనుకే చిత్రం నడవాలి.

ఇందులో గృహస్థుల వంతు కూడా ఉంది. ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టి, కదలకుండా పడుకోవడం ఖర్చు లేని ఉపాయం. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌ కిరణాలు లేవు కాని, అక్కడ తేటకు మూల్యం కాలం. కదిలితే ఆ కాలమంతా వృథా. అల్ట్రాసౌండుకు ముందు పరగడుపున రమ్మన్నా, మూత్రాశయం నిండా నీరు తాగమన్నా తప్పక పాటించండి. ఒంటికి పూసే జిగురు గాలిని అడ్డు తొలగించడానికే. పాత ఫిల్ములను పారవేయక వెంట తీసుకువెళ్లండి. ముద్రించిన ఫిల్ములో కొన్ని చిత్రాలే ఉంటాయి కనుక, అన్నీ ఉన్న డిస్కును అడిగి భద్రపరచండి. పాతదానితో పోల్చి చూడగలిగితే కొన్నిసార్లు మరో స్కాను అవసరమే ఉండదు.

"బొమ్మ తేటగా వచ్చిందా?" అని అడగండి. దానితో పాటు, "మీ సందేహం తీరిందా?" అని కూడా వైద్యుని అడగండి. ఆ రెండవ ప్రశ్నే, తేరిన నీటిని పొయ్యి మీద పెట్టి కాచడం వంటిది.