సలీం మీర్జా మాకేమవుతాడు?

మాకు సినిమాలంటే ప్రాణం. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాం. జుమ్మా నమాజు అయ్యాక మౌల్వీసాబు సినిమా హరాం అని చెప్పేవాడు. మేం తలలూపి, ఇంటికొచ్చి అన్నం తిని, మ్యాట్నీకి పోయేవాళ్లం. ఈద్ నాడైతే ఈద్గా నుంచి నేరుగా టాకీసుకే. కొత్త బట్టలకు అత్తరు వాసన, జేబులో ఈదీ డబ్బులు, చేతిలో నేల టికెట్టు. మా పండగలో షీర్‌ఖుర్మా ఎంతో సినిమా అంత.

మా అమ్మీలు బుర్ఖాలేసుకుని ఆడవాళ్ల వైపు కూచుని ‘మాయాబజార్’ (1957) చూశారు. ఘటోత్కచుడు లడ్డూలు మింగుతుంటే ముసుగులు పైకెత్తి మరీ నవ్వారు. మా ఇళ్లల్లో మహాభారతం చదివినవాళ్లు లేరు. అయినా శశిరేఖా అభిమన్యుడూ మా ఇంటి పిల్లలే అయ్యారు. వాళ్ల పెళ్లి ఆగిపోతుందేమోనని మా దాదీలు దిగులుపడ్డారు. ఇదంతా మాకెవరూ నేర్పలేదు. మతసామరస్యం మీద మాకెవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. సినిమా ఆడింది, మేం చూశాం, మావాళ్లే అనుకున్నాం. అంతే.

ఇప్పుడు మేం అడిగేదొక్కటే. మేమింత సులువుగా మీ ఇంట్లోకొచ్చి కూచున్నాం గదా, మీ సినిమా ఒక్కసారన్నా మా ఇంటి గడప తొక్కిందా?

తొక్కిందంటారు మా సెక్యులర్ మిత్రులు. వేళ్లు మడిచి లెక్క చెప్తారు. ‘మొఘల్-ఎ-ఆజమ్’ (1960), ‘చౌద్వీ కా చాంద్’ (1960), ‘మేరే మెహబూబ్’ (1963), ‘పాకీజా’ (1972). ఇంకేం కావాలి మీకు అంటారు.

ఆ సినిమాలన్నీ మేమూ చూశాం. ఏడ్చాం. పాటలు బట్టీ పట్టాం. కానీ అది ఎవరి ఇల్లు? హవేలీలు, ఝూమర్లు, జరీ షేర్వాణీలు, ముజ్రాలు, గజళ్లు. మాలో ఒకరి అబ్బా దూదేకేవాడు. ఒకరి మామూ సైకిళ్లకు పంచర్లు వేసేవాడు. ఒకరి చాచా కోతకొట్టు పెట్టుకున్నవాడు. ఒకరి ఖాలా బీడీలు చుట్టి చుట్టి గూనిదైపోయింది. మాలో సగం మందికి ఉర్దూ రాయడం రాదు. కొందరికి మాట్లాడడమూ రాదు. తెలుగులోనే ఏడుస్తాం, తెలుగులోనే తిట్టుకుంటాం. తెర మీది నవాబుసాబును చూసి మా పక్కింటివాళ్లు, ‘మీవాళ్లు భలే దర్జాగా ఉంటార్రా’ అనేవాళ్లు. మేం మా చిరిగిన లుంగీ వైపు చూసుకునేవాళ్లం.

ఇంకో సంగతి కూడా చూడండి. ‘మొఘల్-ఎ-ఆజమ్’లో సలీం వేషం కట్టింది యూసుఫ్ ఖాన్. అనార్కలి వేషం కట్టింది ముంతాజ్ జహాన్. కానీ టైటిల్స్‌లో వాళ్లు దిలీప్ కుమార్, మధుబాల. ముస్లిం పాత్రలు వేయడానికి కూడా ముస్లిం పేర్లు పనికి రాలేదన్నమాట! తెర మీద అక్బరు పాదుషా చిన్నికృష్ణుడి ఉయ్యాల ఊపుతుంటే హాలంతా పరవశించింది. మేమూ పరవశించాం. ఆ తెర వెనక మహజబీన్ మీనాకుమారి ఎందుకయిందో ఎవరూ అడగలేదు. పేరు మార్చుకోమంటే మార్చుకోనని నిలబడ్డ పిల్ల వహీదా రెహమాన్. ‘రోజులు మారాయి’ (1955)లో ఏరువాక పాటకు చిందేసి తెలుగువాళ్లందరినీ తనవైపు తిప్పుకున్న పిల్ల. సొంత పేరుతో నిలబడి గెలవొచ్చని ఆమె చూపించింది. మా ఆడపిల్లలకు ఆ ముచ్చట చెప్పుకుంటాం. ఎన్ని ఈద్‌లయినా చెప్పుకుంటాం.

ఇక మనుషులంతా ఒక్కటే అని చెప్పే సినిమాల సంగతికొద్దాం. ‘మిస్సమ్మ’ (1955) మాకెంతో ఇష్టమైన సినిమా. ఇప్పుడు వేసినా కూచుని చూస్తాం. క్రైస్తవుల పిల్ల మేరీ, హిందువుల అబ్బాయి ఎం.టి.రావు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడతారు. ఆ కొట్లాటల్లోంచి ప్రేమ పుడుతుంది. సావిత్రి కోపం చూసినా, అలక చూసినా కడుపు నిండిపోతుంది. కానీ ఆఖర్న ఏమైంది? మేరీ మేరీ కాదు, ఎప్పుడో తప్పిపోయిన జమీందారుగారమ్మాయి మహాలక్ష్మి అని తేలింది. హమ్మయ్య అనుకుని పెళ్లి ఖాయం చేశారు. మేరీ మేరీగానే ఉండిపోయుంటే ఆ పెళ్లి జరిగేదా?

ఇరవై రెండేళ్ల తర్వాత ‘అమర్ అక్బర్ ఆంథొనీ’ (1977) వచ్చింది. ముగ్గురి రక్తం ఒకే తల్లికి ఎక్కుతుంటే మేం ఈలలు వేశాం. తర్వాత తెలుగులో దాన్నే ‘రామ్ రాబర్ట్ రహీమ్’ (1980)గా తీశారు. అప్పుడూ వేశాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది. అక్బరు కూడా పుట్టుకతో అక్బరు కాదు. దర్జీసాబు పెంచుకున్న హిందువుల బిడ్డ. ఆ తల్లి కొడుకే. అంటే మా వాడు మీకు అన్నో తమ్ముడో కావాలంటే పుట్టుకలో మీ వాడయి ఉండాలి. మావాడు మావాడుగానే ఉండి మీకు తమ్ముడయ్యే కథ రాయడానికి కలం ఎందుకు కదలలేదు?

పుట్టుకతో ముస్లిం అయినవాడు మంచివాడుగా కనపడాలంటే ఏం చేయాలో ‘షోలే’ (1975) చెప్పింది. ఆ ఊళ్లో ఇమాంసాబుకు కళ్లు కనిపించవు. ఒక్కడే కొడుకు. వాణ్ణి గబ్బర్ సింగ్ చంపి గుర్రం మీద శవాన్ని పంపుతాడు. ఊరివాళ్లంతా భయపడి వెనక్కి తగ్గుతుంటే, ఈ ఊరి కోసం ఇవ్వడానికి ఇంకొందరు కొడుకులు ఎందుకు లేకపోయారా అని ఆ ముసలాయన బాధపడతాడు. మేం ఆ సీనులో ఎన్నిసార్లు ఏడ్చామో లెక్కలేదు. కానీ అడుగుతున్నాం, ఒక ముస్లిం ఈ ఊరివాడే అని నమ్మడానికి కొడుకు శవమే కావాలా? వాడు రేషన్ షాపు ముందు మీతోపాటు వరసలో నిలబడితే చాలదా?

ఆ తర్వాత బలిచ్చే ఇమాంసాబు కూడా తెర మీద నుంచి వెళ్లిపోయాడు. ‘రోజా’ (1992) వచ్చేసరికి నమాజు చేసేవాడి చేతికి తుపాకి వచ్చింది. మా తెలుగు సినిమాలో అయితే రెండే వేషాలు. వచ్చీరాని తెలుగుతో నవ్వించే సాయిబు, గడ్డంతో భయపెట్టే సాయిబు. మేం పుట్టిన ఊళ్లో మాకంటే బాగా తెలుగు మాట్లాడేవాడు లేడు, తెర మీద మాత్రం మాకు తెలుగు రాదు! ఇప్పుడింకా ముదిరింది. ‘ద కశ్మీర్ ఫైల్స్’ (2022) ఆడిన కొన్ని హాళ్లలో జనం లేచి మాకు వ్యతిరేకంగా నినాదాలిచ్చారు. కశ్మీరీ పండితుల కన్నీళ్లు నిజం. మేం కాదనం. ఇల్లు పోగొట్టుకోవడమంటే ఏమిటో మాకెవరూ చెప్పక్కర్లేదు. ‘రజాకార్’ (2024) పేరుతో తెలుగులోనూ సినిమా తీశారు. రజాకార్ల దౌర్జన్యమూ నిజమే. ఆ రజాకార్లను ఎదిరించి రాసినందుకే ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. ఆయన పేరు కూడా మా పేరే. ఒకరి కన్నీళ్లు చూపించి ఇంకొకరి మీదికి ఉసిగొల్పితే అది మానవత్వం కాదు, వ్యాపారం.

మరి మా ఇంటి గడప తొక్కిన సినిమానే లేదా? ఉంది. ‘గరమ్ హవా’.

మేం దాన్ని ఆలస్యంగా చూశాం. ఒకరు ఫిల్మ్ సొసైటీ షోలో, ఒకరు అరిగిపోయిన వీడియో క్యాసెట్టులో, ఒకరు 2014లో ప్రింటు బాగుచేసి మళ్లీ విడుదల చేసినప్పుడు. చూసినవాళ్లం చూసినట్టే మాటపడిపోయాం. అందులో నవాబు లేడు, ముజ్రా లేదు, తుపాకి లేదు. ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడిపే సలీం మీర్జా ఉన్నాడు. దేశం చీలిపోయింది. గాంధీని చంపేశారు. బంధువులు ఒక్కొక్కరే రైలెక్కి పాకిస్తాన్ పోతుంటే ఈయన స్టేషన్‌కెళ్లి సాగనంపి వస్తుంటాడు. తను మాత్రం పోడు. ఎందుకు పోవాలో ఆయనకు అర్థం కాదు.

సలీం మీర్జా కష్టాలేమిటో చూడండి. బ్యాంకు అప్పివ్వదు, రేపు పారిపోతే ఎవరిస్తారని. ఇల్లు అన్న పేరున ఉంది. అన్న సరిహద్దు దాటాడు కాబట్టి అది కాందిశీకుల ఆస్తిగా పోతుంది. అద్దె ఇంటి కోసం గడపగడపా తిరిగితే పేరు వినగానే ఇల్లు లేదంటారు. ఇంటి ప్లాను అన్నకు పంపినందుకు గూఢచారి అంటారు. కూతురు ఆమినాను చేసుకుంటానన్నవాళ్లు సరిహద్దు అవతలే మిగిలిపోతారు, ఆ పిల్ల ప్రాణం తీసుకుంటుంది. చిన్న కొడుకు సికందర్ డిగ్రీ పట్టుకుని ఉద్యోగానికి పోతే పాకిస్తాన్ పొమ్మని సలహా ఇస్తారు. ముసలి తల్లి ఇల్లు వదలనని కట్టెల గదిలో దాక్కుంటుంది. చివరికి ఆమెను పల్లకీలో మోసుకొచ్చి పాత ఇంట్లో దించితే అక్కడ కన్నుమూస్తుంది.

అప్పు, ఇల్లు, పెళ్లి, ఉద్యోగం, తల్లి చావు. ఇంతే కథ. ఇవి మతం కష్టాలా, మనిషి కష్టాలా? సినిమాల్లో మనిషిని చూపిస్తే చాలదా, మతం ఎందుకని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే. మనిషికి పేరుంటుంది. ఆ పేరు చెప్పగానే అద్దె ఇల్లు ఉన్నట్టుండి లేకుండా పోతుంది. మా పిల్లలు పట్నంలో ఇల్లు వెతికిన ప్రతిసారీ ఇది చూశాం. ఫోనులో ఖాళీ ఉన్న ఇల్లు పేరు చెప్పేసరికి ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అయిపోతుంది. పేరు తీసేసి చూపించే మనిషి మాకు అక్కర్లేదు. మా పేరుతోనే మమ్మల్ని మనిషిగా చూపించండి.

ఈ సినిమా తీసిందెవరు? కథ ఇస్మత్ చుగ్తాయ్‌ది. కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాశారు. సలీం మీర్జా భార్యగా నటించిన షౌకత్ ఆజ్మీ మన హైదరాబాదులో పెరిగినామె. కానీ దర్శకుడు ఎం.ఎస్.సత్యు, మైసూరువాడు, కన్నడ హిందువు. సలీం మీర్జాగా బతికి చూపించిన బల్‌రాజ్ సహానీ రావల్పిండి హిందువు, విభజనలో పుట్టిన నేల పోగొట్టుకున్నవాడు. విడుదల చూడకుండానే 1973 ఏప్రిల్‌లో పోయాడు. ‘కాబూలీవాలా’ (1961)లో పఠాన్ రహ్మత్ వేషం వేసి, ఎక్కడో ఉన్న కూతురి కోసం కుళ్లిపోయే తండ్రిని చూపించిందీ ఆయనే. గొడవలవుతాయని సెన్సారువాళ్లు ‘గరమ్ హవా’ను నెలల తరబడి ఆపారు. 1974లో విడుదలైంది. గొడవలు కాలేదు. పైగా జాతీయ సమైక్యతకు అవార్డు వచ్చింది.

కాబట్టి ముస్లిం బాధ ముస్లిమే తీయాలని మేం అనడం లేదు. ‘బైజూ బావరా’ (1952)లో హరి దర్శనం కోసం అలమటించే భజన రాసింది షకీల్ బదాయునీ, బాణీ కట్టింది నౌషాద్, పాడింది మహమ్మద్ రఫీ. ఆ పాట గుళ్లల్లో పాడుకుంటారు. ఇటు ముగ్గురు అటు వెళ్లారు, అటు ఇద్దరు ఇటు వచ్చారు. దారి ఉంది. నడవడానికి మనసు లేదు.

అద్దం మాకు మంచి మొహమే చూపించాలని కూడా మేం అడగం. హైదరాబాదు మీద తీసిన ‘బాజార్’ (1982) చూడండి. గల్ఫ్‌లో ఉండే డబ్బున్నవాడికి పేదింటి షబ్నమ్‌ను నిఖా పేరుతో అమ్మేస్తారు. ఆ పిల్ల విషం తాగుతుంది. అమ్మినవాళ్లు మావాళ్లే, ఖుత్బా చదివినవాళ్లు మావాళ్లే. ఆ సినిమా చూసి మావాళ్లలో కొందరు పరువు పోయిందన్నారు. పరువు సినిమాతో పోలేదు, బేరంతో పోయింది. 1991లో అలాంటి పెళ్లి చేసుకుని తీసుకుపోతున్న హైదరాబాదు చిన్నపిల్లను విమానంలో ఎయిర్‌హోస్టెస్ కాపాడినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. ‘బాజార్’ ఆ మాట తొమ్మిదేళ్ల ముందే చెప్పింది. మా తప్పు మా మొహం మీద చెప్పిన సినిమాకు మేం సలాం చేస్తాం. ఎందుకంటే అందులోని షబ్నమ్ మనిషి, నజ్మా మనిషి. పోస్టర్ మీద బొమ్మలు కారు.

కైఫీ ఆజ్మీని మళ్లీ చూసింది ‘నసీమ్’ (1995)లో. ఈసారి తెర మీదే. మంచంలో ఉన్న తాత మనవరాలికి పాత ఆగ్రా ముచ్చట్లు చెప్తుంటాడు. బయట 1992 నడుస్తుంటుంది. డిసెంబరు 6న ఆ తాత పోతాడు. సలీం మీర్జాను ఆగ్రాలోనే ఆపిన కలం ఆయనది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ ఆగ్రా ఒక ముసలాయన జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. మేం ఆ రోజు సినిమా అయిపోయాక కూడా లేవలేకపోయాం.

సలీం మీర్జా మాకేమవుతాడు? రక్తసంబంధం లేదు. ఆయన ఆగ్రా, మాది కడపో కరీంనగరో గుంటూరో. ఆయన భాష మాలో చాలామందికి రాదు. కానీ అద్దె ఇల్లు దొరకని ప్రతివాడికీ ఆయన అన్న. ఇంటర్వ్యూలో పేరు దగ్గరే ఆగిపోయిన ప్రతి పిల్లవాడికీ తండ్రి. ఆఖర్న ఆయన కూడా విసిగిపోయి టాంగాలో స్టేషన్‌కు బయల్దేరతాడు. దారిలో ఉద్యోగాలు కావాలని, బతుకు కావాలని ఎర్రజెండాలతో ఊరేగింపు వస్తుంటుంది. సికందర్ దిగి అందులో కలిసిపోతాడు. కాసేపటికి తండ్రీ దిగుతాడు. టాంగా వెనక్కి తిరుగుతుంది.

ఆయన తన దుఃఖాన్ని ఇంకొకరి ఆకలితో కలిపి నడిచాడు. మేం టాంగా దిగి చాలా కాలమైంది. మీ పక్కనే నడుస్తున్నాం. దండలక్కర్లేదు, నవాబు వేషం అక్కర్లేదు, బలిపీఠం అసలే అక్కర్లేదు. మా దూదేకుల అబ్బాను, మా బీడీల ఖాలాను వాళ్ల పేర్లతో, వాళ్ల తెలుగుతో ఒక్కసారి తెర మీద మామూలుగా బతకనివ్వండి. శశిరేఖ పెళ్లికి మా దాదీలు దిగులుపడ్డారు. మా ఆమినా పెళ్లికి మీ అమ్మమ్మలు ఎప్పుడు దిగులుపడతారు?